కీళ్ళవాతం మందులు తగ్గించేటప్పుడు మన భయం, మన నమ్మకం ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో కీళ్ళ జబ్బులకు మా దగ్గర చూపించుకునేవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. చీటీ రాసే హడావుడిలో వీటికి నిదానంగా జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు తగ్గించుకోవద్దు. మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు పక్కన పెట్టుకోండి.

ఇది ఎవరి కోసం?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళు వాచే జబ్బు మందులతో అదుపులోకి వచ్చి, "ఇంకెన్నాళ్ళు వేసుకోవాలండీ, కాస్త తగ్గించొచ్చా?" అని అడిగే దశకు చేరినవాళ్ళ కోసం. సోరియాసిస్‌తో వచ్చే కీళ్ళవాతం, వెన్ను బిగుసుకుపోయే స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళకూ ఇందులో చాలా విషయాలు పనికొస్తాయి. వయసు మీద పడి మోకాళ్ళు అరిగినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ కోసం కింద ఒక ప్రశ్న ఉంది.

మందు తగ్గించడమంటే ఆపేయడమా?

కాదు. జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ వారానికి 20 మిల్లీగ్రాములు వేసుకుంటున్నవాళ్ళకు 15 చేయడం, వారం వారం చేసుకునే ఇంజెక్షన్‌ను పది రోజులకోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి చేయడం, ఇవీ తగ్గించడమంటే. స్టెరాయిడ్ బిళ్ళ ఉంటే ముందు దాని సంగతి చూస్తాం, మిగతా మందుల జోలికి ఆ తర్వాతే వెళ్తాం. రెండు మందులు ఒకేసారి తగ్గించకూడదు. తేడా వస్తే ఏ మందు వల్లో తెలియకుండా పోతుంది.

ఎప్పుడు తగ్గించవచ్చు?

జబ్బు పూర్తిగా నెమ్మదించి, లేదా బాగా తక్కువ స్థాయికి వచ్చి, కనీసం 6 నెలలు అలాగే నిలకడగా ఉండాలి. అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన ఇదే. యూరప్ వైద్యుల సూచనలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. సంక్రాంతికి ఒళ్ళు తేలిగ్గా ఉందని కనుమ వెళ్ళేసరికి బిళ్ళ మానేయడం దీని కిందకు రాదు.

మందు తగ్గించిన మూడో రోజుకే నొప్పి మొదలైంది. జబ్బు తిరగబెట్టినట్టేనా?

అన్నిటికంటే ఎక్కువగా వినే ప్రశ్న ఇది. నేను ఈ పేజీ రాయడానికి కారణం కూడా ఇదే.

ముందు మందు సంగతి చూద్దాం. మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినప్పుడు గుణం కనపడటానికి 6 నుంచి 12 వారాలు పట్టింది, గుర్తుందా? ఎక్కడానికి అంత టైము తీసుకున్న మందు ఒక డోసు తగ్గించగానే రాత్రికి రాత్రి దిగిపోదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అయితే ఇంకా నిదానం, ఆపేసినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. జబ్బు నిజంగా తిరగబెట్టే పనైతే మామూలుగా వారాలు, నెలలు గడిచాక బయటపడుతుంది. మూడో రోజున వచ్చిన నొప్పికి తగ్గిన మందే కారణమని చెప్పడం కష్టం.

మరి నొప్పి ఎక్కడి నుంచి వచ్చింది? నరసాపురం పక్క పల్లె నుంచి ఒకావిడ వస్తారు. లేసు అల్లుతారు. ఎడమ చూపుడు వేలికి దారం చుట్టి, కుడి చేత్తో కొక్కెం సూది తిప్పుతూ రోజంతా కూర్చునే పని. వేళ్ళు బిగుసుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. రెండేళ్ళుగా నెమ్మదిగా ఉన్నారు కదా అని మెథోట్రెక్సేట్ 20 నుంచి 15కి దించాం. వారం తిరక్కుండా వచ్చేశారు, "వేళ్ళు పట్టేశాయండీ, నేను ముందే అనుకున్నాను" అంటూ. పిడికిలి బిగించమన్నాను. కణుపుల మధ్య పల్లాలు చక్కగా కనిపిస్తున్నాయి. కీళ్ళు వాస్తే ఆ పల్లాలు పూడిపోతాయి. ఒక్కో కీలూ నొక్కి చూశాను, ఎక్కడా వాపుతో మెత్తగా లేదు. రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ క్రితంసారి ఎంత ఉందో అంతే ఉంది. మాట్లాడుతుంటే అసలు సంగతి తెలిసింది. డోసు తగ్గించిన రోజు నుంచీ ఆవిడ గంటకోసారి వేళ్ళను నొక్కి చూసుకుంటున్నారు. రాత్రి మెలకువ వస్తే నొక్కి చూస్తున్నారు. వారమంతా సూది పట్టుకోలేదు. నొక్కి నొక్కి వేళ్ళు నొప్పెట్టాయి, పని లేక బిగుసుకున్నాయి, ధ్యాసంతా అక్కడే ఉండటంతో ఇదివరకు పట్టించుకోని చిన్న సలుపు కూడా పెద్దదిగా తెలిసింది.

డోసు పెంచలేదు. మూడు వారాలు ఆగుదామన్నాను, అల్లిక మొదలుపెట్టమన్నాను, నొక్కి చూసుకోవడం పొద్దున ఒక్కసారికి పరిమితం చేయమన్నాను. ఆ నొప్పి సర్దుకుంది. ఇప్పటికీ 15 మీదే ఉన్నారు.

అంటే నా నొప్పి ఉత్త భ్రమ అంటున్నారా?

ఎంతమాత్రం కాదు. దయచేసి ఈ జవాబు మొత్తం చదవండి. ఇంట్లోవాళ్ళ చేత కూడా చదివించండి.

మంచి జరుగుతుందన్న నమ్మకంతో మందు లేకపోయినా ఉపశమనం కలగడాన్ని ప్లాసిబో ప్రభావం అంటారు. చెడు జరుగుతుందన్న భయంతో మందు పనిచేస్తున్నా బాధ కలగడం నోసిబో ప్రభావం. రెండూ ఒంట్లో నిజంగా జరిగేవే. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్ఞానదంతం పీకించుకున్నవాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది. ఉత్తుత్తి మందుతోనే నొప్పి తగ్గినవాళ్ళకు నలోక్సోన్ ఇచ్చారు. మార్ఫిన్ లాంటి పదార్థాల పనిని అడ్డుకునే మందు అది. నొప్పి పెరిగింది. అంటే మెదడు తన సొంత మార్ఫిన్‌ను విడుదల చేసి నొప్పి తగ్గించిందన్నమాట. దానికి అడ్డం పడగానే నొప్పి బయటికొచ్చింది.

2011లో అచ్చయిన ఇంకో పరిశోధన మన విషయానికి మరీ దగ్గరగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న 22 మంది కాలికి వేడి తగిలిస్తూ, నరంలోకి రెమిఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఎక్కించారు. మందు ఎక్కుతోందని చెప్పకుండా ఎక్కించినప్పుడు నొప్పి కొంత తగ్గింది. "ఇప్పుడు మందు మొదలైంది" అని చెప్పగానే ఉపశమనం రెట్టింపైంది. తర్వాత "ఆపేశాం, ఇక నొప్పి పెరగొచ్చు" అన్నారు. నిజానికి ఆపలేదు, అదే మందు అదే వేగంతో ఎక్కుతూనే ఉంది. అయినా నొప్పి మందు లేనప్పుడు ఎంత ఉందో అంతకు చేరింది. మెదడు స్కాన్లలో కూడా ఆ తేడా కనిపించింది.

ఆ ఒక్క మాట అంత పని చేసింది. వాళ్ళు అమాయకులూ కాదు, నటించనూ లేదు. ఇటలీలోని ట్యూరిన్‌లో శస్త్రచికిత్స అయిన రోగులతో చేసిన పరిశోధనలోనూ ఇలాంటిదే తేలింది. మార్ఫిన్ ఆపుతున్నట్టు చెప్పి ఆపితే నొప్పి త్వరగా తిరిగొచ్చింది. తెలియకుండా ఆపితే ఆలస్యంగా వచ్చింది.

అందుకని "నీదంతా మనసులోనే ఉంది" అనే మాట ఇంట్లో ఎవరూ అనొద్దు. నొప్పి నిజం. ఆ నొప్పి కీలును తినేస్తున్న వాపు వల్ల వచ్చిందా, భయం తెచ్చిన అలజడి వల్ల వచ్చిందా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం. ఎందుకంటే రెండిటికీ మందు ఒకటి కాదు.

ఆ రెండిటికీ తేడా ఎలా పట్టుకోవాలి?

ఇంట్లో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పొద్దున లేచాక బిగువు ఎంతసేపుంది? పావుగంటలో సడలిపోతే అంత కంగారు అక్కర్లేదు. గంట దాటి, టీ తాగి, స్నానం చేసినా వేళ్ళు విచ్చుకోకపోతే గమనించాల్సిందే. కీలు వాచిందా? పిడికిలి బిగిస్తే పల్లాలు పూడాయా, ఉంగరం తిరగడం మానిందా, గాజులు మణికట్టు దగ్గర ఆగిపోతున్నాయా? వేడిగా ఉందా? నొప్పి రోజుకో చోట తిరుగుతోందా, ఒకే కీలును పట్టుకుని వారాల తరబడి కూర్చుందా? రెండోదైతే వాపే అయ్యే అవకాశం ఎక్కువ.

ఆసుపత్రిలో మేము డాస్28 అనే లెక్క కడతాం. 28 కీళ్ళలో ఎన్ని వాచాయి, నొక్కితే ఎన్ని నొప్పెడుతున్నాయి, రక్తంలో ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ ఎంత, చివరగా "మొత్తం మీద మీకెలా ఉంది?" అన్నదానికి రోగి సున్నా నుంచి 100 దాకా వేసుకునే మార్కు. 2.6 కంటే తక్కువైతే జబ్బు నెమ్మదించినట్టు, 5.1 దాటితే బాగా రేగినట్టు.

ఇందులో రెండు భాగాలు, నొక్కితే నొప్పి, రోగి వేసే మార్కు, మన మనఃస్థితితో పాటు మారతాయి. భయం వల్లే లెక్క పెరిగిపోవచ్చు. వాచిన కీళ్ళ సంఖ్య, సీఆర్‌పీ అంత తేలిగ్గా కదలవు. కాబట్టి "స్కోరు పెరిగింది, మందు పెంచేద్దాం" అనే ముందు ఏ భాగం వల్ల పెరిగిందో అడగండి. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్‌లో కీలు లోపలి పొర వాచిందో లేదో కనిపిస్తుంది. అయితే రక్తపరీక్ష మామూలుగా ఉండి కీలు వాచినవాళ్ళు కూడా ఉంటారు. చేత్తో పట్టి చూడకుండా కాగితం ఒక్కటే చూసి తేల్చడం నాకు నచ్చదు.

అసలు తగ్గిస్తే తిరగబెట్టే అవకాశం ఎంత?

ఉంది, తక్కువేమీ కాదు. దాన్ని దాచిపెట్టి ధైర్యం చెప్పడం తప్పు.

నార్వేలో 2021లో వెలువడిన పరిశోధనలో, మెథోట్రెక్సేట్ వంటి బిళ్ళల మీద జబ్బు నెమ్మదించినవాళ్ళను రెండు జట్లు చేశారు. పాత డోసే కొనసాగించినవాళ్ళలో ఏడాదిలో 6 శాతం మందికి తిరగబెట్టింది. సగం డోసుకు దించినవాళ్ళలో 25 శాతం మందికి. అంటే దించిన నలుగురిలో ఒకరికి తిరగబెట్టింది, ముగ్గురు బాగానే ఉన్నారు. రెండు వాక్యాలూ ఒకే నిజం. మొదటిది ఒక్కటే చెప్పి పంపిస్తే రోగి ఆ ఒకరు తనేనని ఇంటికెళ్తారు. రెండోది ఒక్కటే చెబితే వాపు వచ్చినా పట్టించుకోరు. నేను రెండూ కలిపే చెబుతాను.

ఇంజెక్షన్ల విషయంలో 2013 నాటి ఒక పెద్ద పరిశోధన ఉంది. ఎటనర్సెప్ట్‌తో నెమ్మదించినవాళ్ళకు కొందరికి పూర్తి డోసు, కొందరికి సగం, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికేది అందుతోందో రోగికీ డాక్టరుకీ తెలియదు. ఏడాది తర్వాత జబ్బు అదుపులో ఉన్నవాళ్ళు పూర్తి డోసులో 82.6 శాతం, సగం డోసులో 79.1 శాతం, పూర్తిగా ఆపినవాళ్ళలో 42.6 శాతం. సగానికీ పూర్తికీ మధ్య తేడా ఎంత తక్కువో, సగానికీ సున్నాకీ మధ్య ఎంత ఎక్కువో చూడండి. తగ్గించడం వేరు, మానేయడం వేరు అని నేను పదే పదే అనడానికి ఈ అంకెలే ఆధారం.

రోగికి తెలిసి తగ్గించిన పరిశోధనల్లో తేడా కనిపించిందా?

నెదర్లాండ్స్‌లో 180 మందితో జరిగి 2015లో వెలువడిన పరిశోధన ఒకటుంది. అక్కడ అందరికీ తెలుసు, ఎవరికి తగ్గిస్తున్నారో. ఇంజెక్షన్ల మధ్య ఎడం మెల్లగా పెంచుకుంటూ వెళ్ళి, తేడా వస్తే వెనక్కి వచ్చారు. ఏడాదిన్నరలో ఎక్కువ కాలం నిలిచిన పెద్ద తిరగబెట్టడం తగ్గించినవాళ్ళలో 12 శాతం, తగ్గించనివాళ్ళలో 10 శాతం, దాదాపు సమానం. కొద్ది రోజులకే సర్దుకున్న చిన్నపాటి రేగడాలు మాత్రం 73 శాతానికి 27 శాతం.

ఈ రెండో అంకె నన్ను చాలా ఆలోచింపజేసింది. అందులో కొంత వాపు నిజమే, డోసు తగ్గితే జబ్బు తల ఎత్తి చూస్తుంది. కొంత మాత్రం "తగ్గించారు కదా, రావాలి కదా" అన్న ఎదురుచూపుదేనని నా అభిప్రాయం. ఏ వాటా ఎంతో ఆ పరిశోధన విడదీయలేదు. చిన్నగా రేగిన చాలామంది పెద్ద నష్టం లేకుండా సర్దుకున్నారన్నది మాత్రం స్పష్టం. మా రోగులకు నేను చెప్పే ధైర్యం ఇదే.

మా అత్తగారికి భయం ఎక్కువ. చెప్పకుండా డోసు తగ్గించి ఇస్తే నొప్పే రాదు కదా?

కోడళ్ళూ కొడుకులూ ప్రేమతోనే ఈ మాట అడుగుతారు. ఆ పరిశోధనలు విన్నాక ఎవరికైనా తట్టే ఆలోచనే. కానీ వద్దు.

ఎటనర్సెప్ట్ పరిశోధన లాంటి వాటిలో పాల్గొన్నవాళ్ళు "నాకు ఉత్తుత్తి మందు అందవచ్చు" అని తెలిసి, ఒప్పుకుని సంతకం పెట్టారు. మీ అత్తగారు ఒప్పుకోలేదు. బిళ్ళల రంగు, సైజు ఆవిడకు మీకంటే బాగా తెలుసు. ఎప్పుడో ఒకరోజు పట్టేస్తారు. ఆ రోజు నుంచి మీ చేత్తో ఇచ్చిన ఏ బిళ్ళనూ నమ్మరు, పూర్తి డోసు ఇచ్చినా సగమేనని అనుమానిస్తారు. మందు మీద నమ్మకం పోవడమంటే ఆ మందు చేసే మేలులో కొంత పోవడమే. మధ్యలో జ్వరమో ఆపరేషనో వచ్చి వేరే ఆసుపత్రికి వెళ్తే, ఏం వేసుకుంటున్నారంటే తప్పు చెబుతారు. మెథోట్రెక్సేట్ లాంటి మందుతో అది ప్రమాదం.

ఆవిడ ఎదురుగానే మాట్లాడండి. ఎందుకు తగ్గిస్తున్నామో, ఎంత తగ్గిస్తున్నామో, తేడా వస్తే మర్నాడే పాత డోసుకు వెళ్ళే దారి ఉందనీ చెప్పండి. "అత్తయ్య గారూ, మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు డాక్టరు గారికి ఫోన్ చేద్దాం" అన్న ఒక్క మాట భయాన్ని సగం దించుతుంది. అప్పటికీ ఇష్టపడకపోతే తగ్గించకండి. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇంజెక్షన్ అదే, కంపెనీ మారింది. అప్పటి నుంచీ బాగోలేదు.

పేటెంటు గడువు తీరాక వేరే కంపెనీలు తయారుచేసే ఇంజెక్షన్లను బయోసిమిలర్లు అంటారు. మన దేశంలో ఎక్కువమంది వాడుతున్నవి అవే. నార్వే ప్రభుత్వ ఖర్చుతో 482 మందిపై చేసిన పరిశోధన 2017లో వచ్చింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ పాత కంపెనీదే కొనసాగించినవాళ్ళలో 26 శాతం, తెలియకుండా కొత్త కంపెనీకి మార్చినవాళ్ళలో 30 శాతం మందికి జబ్బు ముదిరింది. పరిశోధకులు ముందే గీసుకున్న హద్దు లోపలే ఉంది ఆ తేడా.

అదే ఇంజెక్షన్‌ను నెదర్లాండ్స్‌లో రోగులకు తెలిసి మార్చినప్పుడు దాదాపు నాలుగో వంతు మంది 6 నెలల్లో మానేశారు. ఎక్కువమంది చెప్పిన కారణాలు పరీక్షల్లో దొరకని బాధలే. తర్వాత ఎటనర్సెప్ట్ మార్చేటప్పుడు అక్కడి వైద్యులు పద్ధతి మార్చుకున్నారు. ముందే ఉత్తరం రాశారు, సిబ్బంది అందరూ ఒకే మాట చెప్పేలా శిక్షణ ఇచ్చారు, అనుమానాలకు జవాబు చెప్పే మనిషిని పెట్టారు. 99 శాతం మంది మారడానికి ఒప్పుకున్నారు, 6 నెలల తర్వాత 90 శాతం మంది కొనసాగిస్తున్నారు. మా ఊళ్ళలో రోగికి ఈ మార్పు మెడికల్ షాపులో పెట్టె చేతికిచ్చినప్పుడు తెలుస్తుంది. "అది లేదండీ, ఇది కూడా అదే" అన్న ముక్కతో సరిపెడతారు. అలా జరగకూడదు. మార్చే ముందు చెప్పాల్సిన బాధ్యత మా డాక్టర్లదే.

స్టెరాయిడ్ బిళ్ళ తగ్గించాక ఒళ్ళంతా నీరసం, నొప్పులు. ఇదీ భయమేనా?

ఇక్కడ జాగ్రత్త. దీన్ని భయం అని కొట్టిపారేయకండి. కొన్ని వారాలకు మించి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళ వేసుకుంటే, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించేస్తాయి. బిళ్ళ ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే స్టెరాయిడ్‌ను మెట్టు మెట్టుగా దించుతాం.

మెట్టు మెట్టుగా దించితే చాలామందికి సాధ్యమే. 2020లో వెలువడిన పరిశోధనలో రోజుకు 5 మిల్లీగ్రాముల మీద ఉన్నవాళ్ళలో కొందరిని, ఎవరికి దించుతున్నారో తెలియకుండా, 16 వారాల్లో సున్నాకు దించారు. 65 శాతం మంది బాగున్నారు. కొనసాగించినవాళ్ళలో ఇది 77 శాతం. అయితే వాళ్ళందరూ టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్ళని గుర్తుంచుకోండి.

పక్కూరి మందుతో నొప్పి మాయమైంది. ఇంగ్లీషు మందు మానేయొచ్చా?

మానేయకండి. భయం వాపు లేకుండానే నొప్పిని తెచ్చినట్టే, నమ్మకం లోపలున్న జబ్బును కప్పిపెట్టగలదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండోదే.

రొయ్యల చెరువులు చూసుకునే ఒక పెద్దాయన, ఎవరో గట్టిగా చెప్పారని పొడి మందు మొదలుపెట్టి, బిళ్ళలన్నీ గట్టున పెట్టేశారు. చాలా కాలానికి వచ్చి "ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి, నడుస్తున్నాను, తిరుగుతున్నాను" అన్నారు. మొహంలో ఆ సంతోషం నిజమే. కుడి మణికట్టు మాత్రం బన్ను ముక్కలా ఉబ్బి ఉంది. ఎక్స్‌రేలో ఎముక అంచులు కొరుక్కుపోయాయి. కొరుక్కుపోయిన ఎముక ఇక పూడదు.

నమ్మకం నొప్పిని తగ్గించగలదు, కాస్త హుషారును ఇవ్వగలదు. కీలు లోపల ఎముకను తినే వాపును ఆపలేదు. దీనికి తోడు, పేరూ చీటీ లేని కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో పదే పదే బయటపడుతున్న సంగతి. రెండు రోజుల్లో నొప్పి మాయమై, మొహం గుండ్రంగా ఉబ్బి, షుగర్ పెరిగితే అనుమానించండి. ఆ పొడినీ ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరుకు చూపించి దించుకోండి. ఆయుర్వేద వైద్యుల దగ్గర చూపించుకుంటున్నవాళ్ళు ఆ సంగతి మా దగ్గర దాచొద్దు. తిడతారేమోనని దాస్తారు. తిట్టం.

మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు పొద్దున్నుంచే కడుపులో తిప్పుతుంది. బిళ్ళ ఇంకా మింగలేదు కూడా!

ఇది చాలామందిలో ఉంది. మొదట్లో బిళ్ళ వల్ల నిజంగానే వికారం వచ్చి ఉంటుంది. తర్వాత ఆ పసుపు రంగు బిళ్ళ చూసినా, బిళ్ళ వేసుకునే రోజును తలుచుకున్నా ఒళ్ళు ముందే సిద్ధమైపోతుంది. ఇదీ నోసిబో కుటుంబానిదే. ఫోలిక్ యాసిడ్ సరిగ్గా వేసుకుంటున్నారా చూడండి. రాత్రి భోజనం తర్వాత వేసుకుని పడుకోవడం, బిళ్ళకు బదులు ఇంజెక్షన్‌కు మారడం కొందరికి పనిచేస్తాయి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఈ మందు వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

అమావాస్యకి, ముసురు పడితే, వంకాయ తింటే నొప్పులు పెరుగుతాయి కదా?

ముసురుకి కొంత ఆధారం ఉంది. 2019లో బ్రిటన్‌లో రెండు వేల మందికి పైగా రోజూ ఫోన్‌లో తమ నొప్పిని నమోదు చేసిన పరిశోధనలో, తేమ ఎక్కువగా, గాలి ఒత్తిడి తక్కువగా ఉన్న రోజుల్లో నొప్పి స్వల్పంగా పెరిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డప్పుడు మన దగ్గర ఉండేది అలాంటి వాతావరణమే. అమావాస్య సంగతి నేను నమ్మను. కానీ అమావాస్యకి నొప్పి వస్తుందని నమ్మే మనిషికి ఆ రోజు నొప్పి రావడం నాకు ఆశ్చర్యం కాదు, పైన చెప్పిన కారణాల వల్లే. వంకాయ మీకు పడకపోతే మానండి. పడితే తినండి. పథ్యం పేరుతో పప్పు, గుడ్లు, చేపలు మానేసి ఒళ్ళు చిక్కిపోయి వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

డోసు తగ్గించడానికి మంచి సమయం ఏది?

సార్వా ఊడ్పులప్పుడు, దాళ్వా కోతలప్పుడు, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నప్పుడు వద్దు. ఆ రోజుల్లో ఎవరికైనా ఒళ్ళు నొప్పులే. ఏ నొప్పి దేనిదో తేలదు. వరదల రోజుల్లో లంక గ్రామాలవాళ్ళు అసలే వద్దు, తేడా వస్తే పడవ దొరకాలి. పనులు నెమ్మదించి, రాకపోకలు సులువుగా ఉన్న రెండు మూడు నెలలు చూసుకోండి.

అరిగిన మోకాళ్ళకు ఇదంతా వర్తిస్తుందా?

నమ్మకం ప్రభావం అక్కడా బలంగానే ఉంటుంది. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిపై చేసిన పరిశోధనలో, మోకాలికి గొట్టం పెట్టి శుభ్రం చేసిన ఆపరేషన్ కంటే, చర్మం మీద గాటు పెట్టి కుట్టేసిన ఉత్తుత్తి ఆపరేషన్ ఏమీ తీసిపోలేదు. అరుగుదలకు మెథోట్రెక్సేట్ లాంటి మందులు మామూలుగా వాడరు కాబట్టి, ఈ పేజీలోని డోసుల సంగతి మీకు అక్కర్లేదు. నొప్పి బిళ్ళలు తగ్గించుకునేటప్పుడు భయం పాత్ర మాత్రం అంతే.

తగ్గించాక మళ్ళీ పెంచాల్సి వచ్చింది. వెనక్కి పడినట్టేనా?

కాదు. మీ ఒంటికి ఎంత డోసు కావాలో తెలిసింది. ముందు డోసుకు వెళ్ళాక చాలామందికి జబ్బు మళ్ళీ అదుపులోకి వస్తుంది. అందరికీ అంతే త్వరగా రాకపోవచ్చు, అందుకే వాపు కనపడగానే రమ్మంటాం. ఏడాది, రెండేళ్ళు పోయాక మళ్ళీ ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు.

ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడాలి?

"నొప్పి వచ్చిందా? ఇంకా రాలేదా?" అని పూటపూటకీ అడగకండి. అది అక్కరతో అడిగే ప్రశ్నే కానీ రోగి ధ్యాసను నొప్పి మీదకే లాక్కెళ్తుంది. "ఇవాళ ఏం చేశావు?" అనండి. పూలు కట్టిందా, గుడికి నడిచిందా, మనవరాలికి జడ వేసిందా. డాక్టరుకు కూడా అదే ఎక్కువ పనికొస్తుంది. వారానికోసారి ఒకే రోజున, ఒకే వేళకు నోటు పుస్తకంలో రాయండి: పొద్దున బిగువు ఎంతసేపు, ఏ కీళ్ళు వాచాయి, ఏ పని ఆగిపోయింది. రోజుకు నాలుగుసార్లు రాయొద్దు.

ఎంత నొప్పి వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయాలి?

కొత్తగా ఒక కీలు వాచి వారం దాటినా తగ్గకపోతే. పొద్దున బిగువు వరసగా కొన్ని రోజులు గంట దాటితే. ఒకే కీలు ఎర్రబడి, కాలిపోతూ, జ్వరంతో వస్తే ఆ రోజే రావాలి, అది కీలులో చీము అయ్యే ప్రమాదం ఉంది. ఆయాసం, పొడి దగ్గు, నోటిపూత, ఆగని జ్వరం ఉంటే మెథోట్రెక్సేట్ తర్వాతి డోసు వేసుకోకుండా ఫోన్ చేయండి. ఇవేవీ లేకుండా ఉత్త భయమే ఉన్నా ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు మాట్లాడితే తీరిపోయే భయానికి మూడు వారాలు నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.